హకీమ్ మూవ్ ఒకటి, దాని విరుగుడు ఒకటి: పోస్ట్ ప్రాజెక్టు డైరీ

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. మా అన్నయ్య కొడుకు హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడతాడు. ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, కుడిచేతి వాటం. ఏ ఫంక్షన్‌కి తీసుకెళ్లినా "అబ్బో, ఎంత పొడుగయ్యాడో" అంటారు గానీ, ఇక్కడ పోస్ట్‌లో (రింగ్ దగ్గర, దానికి వీపు పెట్టి ఆడే చోట) వాడి మీదికి వచ్చే పిల్లలు 6 అడుగుల 4, 5 అంగుళాలుంటారు. వాళ్ల మీదుగా షాట్ వేయడం కుదరదు, అందుకే ఈ ప్రాజెక్టు. కొలతలతో సహా రాస్తున్నా, ఇంటి ముందు హూప్ ఉన్నవాళ్లెవరైనా చేసుకోవచ్చు. పని చేయనివాటికే ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే టైమంతా వాటికే పోయింది.

స్టేజ్ 0: ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి

హకీమ్ ఒలాజువాన్ అంటే హ్యూస్టన్ రాకెట్స్‌కి ఆడిన ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) దిగ్గజం. రిటైరయ్యాక అతని దగ్గరికి హ్యూస్టన్ వచ్చి పోస్ట్ పాఠాలు నేర్చుకున్నవాళ్లు చాలామందే. 2009 వేసవిలో కోబీ బ్రయంట్, 2010లో డ్వైట్ హోవర్డ్, 2011లో లెబ్రాన్ జేమ్స్. ఆ వీడియోలు దొరుకుతాయి. చూస్తే ముందు కళ్లకు కనబడేది భుజాల ఊపు, డ్రీమ్ షేక్ అని పేరు పడింది దానికే. అక్కడే ఆగిపోతే పని జరగదు.

నాకు ఎక్కువ ఉపయోగపడింది లెబ్రాన్ సంగతి. 2011 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో డల్లాస్ మీద ఓడిపోయాడు, ఆ సిరీస్‌లో సగటు 17.8 పాయింట్లు. ఆ వేసవిలోనే హకీమ్ దగ్గరికి వెళ్లాడు. తర్వాతి సీజన్‌లో మ్యాచ్‌కి వేసే త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 3.5 నుంచి 2.4కి తగ్గాయి, ఫీల్డ్ గోల్ శాతం (వేసిన షాట్లలో పడినవి) 51.0 నుంచి 53.1కి పెరిగింది, 2012లో టైటిల్ వచ్చింది. ఇదంతా హకీమ్ చలవే అని నేననను, ఒక వేసవి పాఠంతో టైటిళ్లు రావు. కానీ లెబ్రాన్ హకీమ్‌లా మారిపోయే ప్రయత్నం చేయలేదు. బ్లాక్ (రింగ్‌కి పక్కన లేన్ గీత మీదుండే గుర్తు) దగ్గర బంతి పట్టుకోవడం, తన ఒంటికి కుదిరే మలుపులు కొన్ని, అంతవరకే తీసుకున్నాడు. కోబీ ఎక్కువ తీసుకోగలిగాడంటే అప్పటికే ఆ పాదాల పని అతని దగ్గరుంది. హోవర్డ్ కూడా అదే గురువు దగ్గర కూర్చున్నాడు, కానీ అతని ఆటలో హకీమ్ ఛాయలు పెద్దగా కనిపించలేదు.

అందుకని మేం పెట్టుకున్న హద్దు ఇదీ. ఎడమ బ్లాక్ ఒక్కటే. అసలు షాట్ ఒకటి, బేస్‌లైన్ (రింగ్ వెనక కోర్టు చివరి గీత) వైపు టర్నరౌండ్, అంటే వీపు పెట్టినచోటే తిరిగి వేసే షాట్. డిఫెండర్ దాన్ని ఆపబోతే విరుగుడు ఒకటి, షాట్ ఫేక్ చేసి (వేస్తున్నట్టు నటించి) అతని పక్కనుంచి లోపలికి అడుగు. ఇంకేం లేదు.

స్టేజ్ 1: కొలతలు

వీడియో చూసి అదే చోట నిలబడితే రెండడుగులు తేడా వస్తుంది. ఎన్‌బీఏ లేన్ (రింగ్ ముందు గీతల మధ్య పెట్టె) వెడల్పు 16 అడుగులు, అమెరికా హైస్కూల్ లేన్ 12. అంటే లేన్ గీత మీద నిలబడితే రింగ్ మధ్య నుంచి పక్కకి దూరం అక్కడ 8 అడుగులు, ఇక్కడ 6. హకీమ్ వెనక్కి వంగి వేసే షాట్‌ని ఉన్నదున్నట్టు దించాలంటే ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లేన్ ఇప్పుడు 4.9 మీటర్ల దీర్ఘచతురస్రం, కానీ 2010కి ముందు అది ట్రెపీజియం, బేస్‌లైన్ దగ్గర 6 మీటర్లు. పాత గీతలు అలాగే ఉన్న కాంక్రీటు కోర్టు అయితే ఆ గీతను నమ్మొద్దు, టేపుతో కొలిచి సొంతంగా గుర్తు పెట్టుకోండి.

కావలసినవి:

1. కొలత టేపు (ఇంట్లోదే)
2. మాస్కింగ్ టేప్, 5 డాలర్లు
3. రంగు చాక్‌పీసులు, 3 డాలర్లు
4. ఫోన్‌కి చిన్న ట్రైపాడ్, 17 డాలర్లు. స్లో మోషన్ లేకుండా పాదాలు అర్థం కావు
5. పొడుగు చీపురు, చేయెత్తిన డిఫెండర్‌కి బదులు

మాస్కింగ్ టేప్ ఈ తేమకి కాంక్రీటు మీద అరగంట నిలవలేదు. డక్ట్ టేప్ వేస్తే నిలిచింది, పీకేటప్పుడు జిగురు మిగిలి షూకి అంటుకుని పాదం తిరగడమే మానేసింది. చివరికి అట్టపెట్టె మూతను పాదం ఆకారంలో కోసి, దాన్ని నేల మీద పెట్టి చుట్టూ చాక్‌తో గీయడం మొదలుపెట్టాం. చెరిగిపోతే పది సెకన్లలో మళ్లీ గీసుకోవచ్చు. మీరు నేరుగా అట్టముక్కతోనే మొదలుపెట్టండి.

ఇప్పటిదాకా ఖర్చు: 25 + డక్ట్ టేప్ 8 = 33 డాలర్లు.

స్టేజ్ 2: భుజాలతో మొదలుపెడితే ఏమైంది

భుజం ఎడమకి ఊపు, కుడికి తిరుగు, మళ్లీ ఎడమకి. వీడియోలో కనబడేది అదే కాబట్టి ముందు అదే చేశాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. స్లో మోషన్‌లో చూస్తే రెండు పాదాలూ జరుగుతున్నాయి. 20 సార్లకి 11 ట్రావెల్స్ (బంతి పట్టుకుని, కదపకూడని పాదాన్ని జరిపే తప్పు).

భుజం ఊపితే బరువు అటు పోతుంది, బరువు పోయిన వైపు పాదం అంటుకుపోతుంది, తిరగాల్సింది ఆ పాదం మీద కాకపోతే అది జారి తీరుతుంది. హకీమ్ లాగోస్‌లో పిల్లాడిగా ఫుట్‌బాల్ గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ కూడా ఆడాడు, బాస్కెట్‌బాల్ పట్టింది టీనేజ్ సగం గడిచాక. బరువు ఎటున్నా పాదం తన అదుపులో ఉంచుకోవడం అప్పటికే వచ్చేసినవాడు కాబట్టి భుజాలు ఎంత ఊపినా చెల్లింది. మావాడికి ఆ పునాది లేదు. భుజాల కార్యక్రమం మొత్తం ఆపేశాం.

స్టేజ్ 3: ఒక పాదం మేకు, ఒక పాదం ప్రయాణం

ఎడమ బ్లాక్‌లో రింగ్‌కి వీపు పెట్టి నిలబడితే కుడి భుజం బేస్‌లైన్ వైపు, ఎడమ భుజం మధ్య వైపు. కాగితం మీద పెట్టాక తేలిందేమిటంటే, మూవ్ మొత్తంలో కదలాల్సింది ఎడమ పాదం ఒక్కటే. వరుస ఇదీ:

1. బంతి గాల్లో ఉండగా చిన్న హాప్, రెండు పాదాలూ ఒకేసారి నేలకి. అప్పుడే ఏ పాదమైనా పివట్ (నేల మీద ఒకేచోట ఉంచి తిరిగే పాదం) చేసుకోవచ్చు. ఒక పాదం ముందు తగిలితే అదే పివట్ అయిపోతుంది, మన చేతిలో ఏమీ ఉండదు.
2. కుడి పాదం పివట్. మడమ కొంచెం లేచి ఉండాలి, బరువు ముందు భాగం మీద.
3. ఎడమ పాదం డిఫెండర్‌కి దూరంగా, మన ముందు వైపు నుంచి బేస్‌లైన్‌కి తిరిగి వస్తుంది. ఇప్పుడు రింగ్ ఎదురుగా ఉంది. షాట్ ఇక్కడే.
4. షాట్ వేయకపోతే ఫేక్. డిఫెండర్ లేచాక అదే ఎడమ పాదం అడ్డంగా మధ్యలోకి, అతని పాదాన్ని దాటి.
5. ఆ ఎడమ పాదం మీదే ఎగిరి కుడి చేత్తో వేయాలి.

చాలామంది పిల్లలు భయపడే చోటు ఐదోది. పివట్ పాదం లేచిపోయింది, ట్రావెల్ కదా అంటారు. కాదు. పాదం లేపొచ్చు, అది మళ్లీ నేలకి తగిలేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి, అంతే. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే మాత్రం పాదం లేవకముందే బంతి చెయ్యి దాటాలి. ఈ తేడా మావాడికి ఎక్కే దాకా ఐదో అడుగు బెరుకుగానే వేశాడు.

పివట్ జారుతోందా లేదా అని కంటితో చూసి వాదించుకోవడం అనవసరం. కుడి షూ అడుగున ముందు భాగానికి నీలం చాక్ బాగా రుద్దండి. మూవ్ అయ్యాక నేల చూడండి. గుండ్రటి మరక పడితే పాదం అక్కడే తిరిగింది. తోకచుక్కలా సాగితే జారింది, తోక ఎంత పొడుగుందో టేపుతో కొలవొచ్చు కూడా. మొదట్లో మావాడి తోక 4 అంగుళాలు. కారణం మడమ: తిరగడం మొదలుపెట్టేటప్పుడు మడమ నేలకి ఆనుతోంది, తర్వాత బరువు ముందుకి మారుతోంది, ఆ మారడంలో పాదం జరుగుతోంది. బంతి పట్టకముందే మడమ లేపి ఉంచమన్నాక తోక అంగుళంలోపు వచ్చింది.

నాలుగో అడుగు పొడవుకి కూడా మూడు కొలతలు మారాయి. 22 అంగుళాలు పెడితే డిఫెండర్ ఒళ్లు ఇంకా దారిలోనే ఉంది. 34కి పెంచితే మావాడు చాపుకుని బ్యాలెన్స్ కోసం కుడి పాదం మళ్లీ నేలకి దించేస్తున్నాడు, అది అసలైన ట్రావెల్. 28 దగ్గర స్థిరపడ్డాం. మీ పిల్లాడి కాళ్ల పొడవుని బట్టి ఇది మారుతుంది, 28 అని గుడ్డిగా గీసుకోకండి.

ఇప్పటిదాకా: ఖర్చు 33 డాలర్లే. ట్రావెల్స్ 20కి 11 నుంచి 20కి 2.

స్టేజ్ 4: ఫేక్

పాదాలు కుదిరాయి, ఫేక్ మాత్రం పిల్లిని కూడా మోసం చేయలేదు. కెమెరాని పక్కనుంచి పెట్టి, వెనకున్న కంచె చెక్కల్ని స్కేలుగా వాడుకుని చూశాం. ఫేక్‌లో బంతి గడ్డం దాకానే లేస్తోంది, తల మాత్రం 5 అంగుళాలు లేస్తోంది. కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. బంతి నుదురు దాటాలి, మోకాళ్లు వంగే ఉండాలి. మోకాళ్లు నిటారైతే డిఫెండర్ ఎగిరినా లాభం లేదు, తర్వాతి అడుగు వేయడానికి కాళ్లలో ఏమీ మిగలదు. మళ్లీ వంగి లేచేలోపు అతను దిగిపోతాడు.

చెబితే కుదరలేదు. "వంగే ఉన్నాను బాబాయ్" అంటాడు, వీడియో చూపిస్తే ఒప్పుకుంటాడు, మళ్లీ అదే. అందుకని హూప్ స్తంభానికీ కంచెకీ మధ్య బట్టలారేసే తాడు కట్టాం (6 డాలర్లు), వాడు వంగి నిలబడ్డప్పుడు తలకి రెండు వేళ్ల పైన, ముఖానికి కాస్త ముందు. రూలు ఒకటే: బంతి తాడు దాటి పైకి పోవాలి, తల తాడుకి తగలకూడదు. మాటలతో కానిది తాడుతో ఆ సాయంత్రమే అయింది. తల లేవడం అంగుళంన్నరకి దిగింది.

కళ్ల సంగతి వేరే. బంతి పైకి పోతున్నా చూపు డిఫెండర్ పాదాల మీద ఉంటే ఎవరూ నమ్మరు. బంతి కిందకి దిగడం మొదలయ్యే దాకా రింగ్ ముందు వైపు నెట్ తగిలించిన కొక్కెం చూడమన్నాను. ఇది కొలవలేం, వీడియోలో గడ్డం ఎటుందో చూసి పట్టుకోవడమే.

ఇప్పటిదాకా ఖర్చు: 39 డాలర్లు.

స్టేజ్ 5: ఎవరూ ఎగరలేదు

చీపురు మీద అంతా సజావుగా సాగింది. చీపురు ఎగరదు కాబట్టి దాని మీద ఏదైనా సాగుతుంది. పక్కింటి అబ్బాయి 6 అడుగుల 4 అంగుళాలు, కాలేజీలో సరదాకి ఆడతాడు, అతన్ని పిలిచాం. పాదాలు సరైనవి, తాడు పాఠం గుర్తుంది, చూపు రింగ్ మీదే. అతను చేతులెత్తి నిలబడ్డాడు తప్ప నేల వదల్లేదు. అడుగు వేసిన ప్రతిసారీ దారిలోనే ఉన్నాడు.

ఎందుకు ఎగరలేదని అడిగాను. "వాడి షాట్ పడట్లేదు కదంకుల్, పడనివాడి మీదికి ఎందుకు ఎగరడం?" అన్నాడు. ప్రాజెక్టు మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

1995 వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో, ఆ ఏడాది ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు) అయిన డేవిడ్ రాబిన్సన్‌ని హకీమ్ గాల్లోకి లేపి కిందనుంచి వెళ్లిపోయిన క్లిప్ అందరూ చూసిందే. రాబిన్సన్ అమాయకుడేం కాదు. ఆ సిరీస్‌లో హకీమ్ సగటు 35.3 పాయింట్లు. ఆ టర్నరౌండ్ వదిలేస్తే పడిపోతుంది, చచ్చినట్టు ఎగరాలి. ఫేక్‌కి బలం ఫేక్‌లో లేదు, దాని ముందున్న షాట్‌లో ఉంది. కోబీకి హకీమ్ పాఠం అంత తొందరగా అతికిందంటే, అతని టర్నరౌండ్‌కి భయపడనివాడు అప్పటికి లీగ్‌లో లేడు.

కాబట్టి ఫేక్ పక్కన పెట్టి షాట్ దగ్గరికి వచ్చాం. డిఫెండర్ లేకుండా, అదే చోటి నుంచి, 50కి 15. ఇంత దగ్గర నుంచి అది ఘోరం.

మొదటి కారణం వెనక్కి పోవడం. ఎగిరిన చోటా దిగిన చోటా చాక్‌తో గీస్తే మధ్య 20 అంగుళాలు. హకీమ్ వెనక్కి వంగుతాడు కదా అని వీడూ వంగుతున్నాడు, బంతి ప్రతిసారీ రింగ్ ముందు అంచుకి తగులుతోంది. దిగాల్సిన చోటుకి వెనక 8 అంగుళాల దగ్గర పాత సోఫా దిండు పెట్టాం, మడమ దిండుకి తగిలితే ఆ షాట్ పడినా లెక్కలోకి రాదు. 50కి 24.

రెండోది పాదాల దిశ. తిరిగాక ఎడమ పాదం పూర్తిగా రావట్లేదు, రెండు బొటనవేళ్లూ రింగ్ వైపు కాకుండా బోర్డు దగ్గరి అంచు వైపు ఉన్నాయి, మిగతా తిరుగుడు నడుం నుంచి తెచ్చుకుంటున్నాడు. ఎడమ పాదం గుర్తుని ఇంకో 5 అంగుళాలు చుట్టూ జరిపి గీశాం. 50కి 29.

ఆ తర్వాత పక్కింటి అబ్బాయిని మళ్లీ పిలిచాం. ఈసారి ఫేక్ వద్దు, వరసగా షాట్లే వేయమన్నాను. నాలుగు పడ్డాక అతను ఎగరడం మొదలుపెట్టాడు. అప్పుడు అడుగు వేస్తే లోపల ఎవరూ లేరు. ఒకసారి దిగుతూ మావాడి భుజం మీద పడ్డాడు, మ్యాచ్‌లో అయితే అది ఫౌల్ కూడా.

ఇప్పటిదాకా: ఖర్చు 39 డాలర్లు (దిండు ఇంట్లోదే, అక్కడే గొడవ). టర్నరౌండ్ 15 నుంచి 29. డిఫెండర్ ఉన్నప్పుడు ఫేక్ తర్వాతి అడుగు 10కి 6.

స్టేజ్ 6: బంతి ఎక్కడ పట్టుకుంటున్నాడు

టీమ్ ప్రాక్టీస్‌లో ఇదేదీ కనిపించలేదు. స్టాండ్స్ లోంచి తీసిన వీడియో చూస్తే కారణం దొరికింది. ఇంటి దగ్గర 6 అడుగుల నుంచి చేసింది అక్కడ 10 అడుగుల నుంచి చేస్తున్నాడు. పాస్ వచ్చేలోపు డిఫెండర్ వాణ్ని బయటికి తోసేస్తున్నాడు. 10 అడుగుల దగ్గర వాడి టర్నరౌండ్‌కి ఎవరూ భయపడరు, కథ మళ్లీ మొదటికొచ్చింది.

పిల్లలకి ఈ భాగం బోర్, పెద్దాటగాళ్లకి ఇదే సగం ఆట. హకీమ్ కాలేజీ రోజుల్లో హ్యూస్టన్‌లోని ఫాండ్ రిక్రియేషన్ సెంటర్లో వేసవుల్లో మోజెస్ మలోన్‌తో తలపడేవాడు. మలోన్ అంటే మూడుసార్లు ఎంవీపీ, రీబౌండ్ల (పడని షాట్ల బంతి అందుకోవడం) కోసం ఒళ్లు అడ్డం పెట్టే మనిషి. రోజూ అలాంటివాడి ఒంటికి ఒళ్లు ఆనించి ఆడిన తర్వాత మిగతావాళ్ల తోపుడు పెద్దగా లెక్క ఉండదు. మా దగ్గర మలోన్ లేడు, నేనున్నాను, 5 అడుగుల 9 అంగుళాలు. సోఫా దిండుతో తోస్తే చేతుల్లోంచి జారిపోతోంది, అందుకని పట్టీలున్న ప్యాడ్ కొన్నాం, 40 డాలర్లు.

1. పాస్ ఇచ్చేవాడి చేతిలో బంతి ఉండగానే డిఫెండర్ తొడకి మన నడుం ఆనాలి. తర్వాత వెతుక్కుంటే ఆలస్యం.
2. డిఫెండర్‌కి దూరంగా ఉన్న చేయి చాపి, బంతి ఆ చేతికే అడగాలి.
3. బంతి బయల్దేరినా నడుం పైకి లేవకూడదు. మావాడి జబ్బు ఇదే: బంతి చూడగానే నిటారవుతాడు, నేను ఒక్క తోపు తోస్తే రెండడుగులు పోతాడు.
4. బంతికి ఎదురెళ్లేది ఒక చిన్న హాప్, అంతకు మించి కాదు.

పట్టుకున్న చోటల్లా చాక్ గీత పెట్టి, రింగ్ కింద నుంచి కొలిచాం. ప్యాడ్‌తో తోస్తుంటే మొదట సగటు 9 అడుగులు, ఇప్పుడు 7. మ్యాచ్ వీడియోల్లో 8 దగ్గరుంది.

పాత వీడియోల గురించి ఒక హెచ్చరిక. 90ల్లో వీపుతో నెట్టుకుంటూ తాపీగా డ్రిబుల్ చేస్తూ లోపలికి రావడం కనిపిస్తుంది. ఎన్‌బీఏలో 1999-2000 సీజన్ నుంచి ఫ్రీ త్రో గీతకి దిగువన అలా 5 సెకన్లు మించి చేయకూడదు. ఆ నెట్టుడు అలవాటు చేసుకుంటే సాయానికి రెండో డిఫెండర్ వచ్చేస్తాడు కూడా. మేం రెండు డ్రిబుల్స్ దాటనివ్వట్లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: 79 డాలర్లు.

స్టేజ్ 7: కుడి బ్లాక్ (నడుస్తోంది)

అట్టముక్కని తిరగేసి గీస్తే సరిపోవాలి. ఇక్కడ ఎడమ పాదం పివట్, కుడి పాదం ప్రయాణం. టర్నరౌండ్ మొదటి లెక్క 50కి 11, చాక్ తోక మళ్లీ 3 అంగుళాలు. ఎడమ మడమ కిందకే ఉండిపోతోంది, పైగా కుడి కాలితో వేసే అడుగు సహజంగానే 31 అంగుళాలు పడుతోంది, దాన్ని 28కి కుదించబోతే తడబడుతున్నాడు. ఆ గుర్తు 31కే మార్చేశాను. చివర్లో కుడికాలి మీద ఎగిరి ఎడమ చేత్తో వేయాలి, అది వాడికి లేదు. ప్రస్తుతం పాదాల పని పక్కన పెట్టి, రింగ్ కింద నిలబడి ఎడమ చేతి లేఅప్‌లు (రింగ్ పక్కనుంచే ఒంటిచేత్తో వేసే షాట్లు) వేయిస్తున్నాను. 50కి 30 దాటాకే కుడి బ్లాక్ లెక్క మళ్లీ తీస్తాను.